ఇనుము కొలుముల ఊళ్లో వాషింగ్ మెషిన్లు

(తెరపై: సౌత్ వేల్స్ మ్యాప్, మెర్థిర్ టిడ్‌ఫిల్ దగ్గర ఎర్ర చుక్క)

1948 అక్టోబర్. యుద్ధం ముగిసి మూడేళ్లయినా బ్రిటన్‌లో సబ్బు ఇంకా రేషన్ మీదే. సరిగ్గా అదే నెలలో వేల్స్‌లోని మెర్థిర్ టిడ్‌ఫిల్‌లో హూవర్ కంపెనీ వాషింగ్ మెషిన్ల ఫ్యాక్టరీ తెరిచింది. సబ్బుకే దిక్కులేనప్పుడు మెషిన్ ఎవరికి అనిపిస్తుంది కదా! అంతకంటే పెద్ద ప్రశ్న ఇంకోటుంది. లండన్ శివార్లలో పెరివేల్‌లో పెద్ద ఫ్యాక్టరీ ఉన్న కంపెనీ, ఈ బొగ్గు లోయకు ఎందుకొచ్చినట్టు?

(తెరపై: పాత ఇనుప కొలుముల ఫోటోలు)

మెర్థిర్ ఒకప్పుడు ఇనుముకు పెట్టింది పేరు. 1930లో డౌలైస్ కర్మాగారంలో ఉక్కు తయారీ ఆగిపోయాక ఊరు కుదేలైంది. ఎంత ఘోరంగా అంటే, జనాన్ని వేరేచోటికి తరలించి ఊరినే వదిలేద్దామని 1939లో ఒక ప్రతిపాదన కూడా వచ్చింది. యుద్ధం అయ్యాక ప్రభుత్వం దారి మార్చింది. 1945లో చట్టం తెచ్చి, కొత్త ఫ్యాక్టరీలు ఇలాంటి ఊళ్లకే వెళ్లేలా చూసింది. పనిని జనం దగ్గరికి తెచ్చారన్నమాట. ఆలోచన మంచిదే. చిక్కల్లా ఒకే కంపెనీ మీద ఊరంతా ఆధారపడటంలో ఉంది.

(తెరపై: మొదటి మోడల్, దగ్గరగా)

ఇప్పటి మెషిన్లతో దీన్ని పోల్చకండి. నడుము ఎత్తు కూడా లేని తెల్ల పెట్టె. లోపల తొట్టి, దాని పక్క గోడకు బట్టల్ని తిప్పే ఒక చక్రం. పైన రెండు రోలర్లు. ఉతికిన బట్టను వాటి మధ్య పెట్టి, చేత్తో హ్యాండిల్ తిప్పితే నీళ్లు పిండుకుపోతాయి. వేడినీళ్లు మనమే పోయాలి.

ఆ కాలపు స్టవ్‌లకీ, మెషిన్ తొట్లకీ మెరుపు తెచ్చేది ఎనామిల్ పూత. ఉక్కు రేకును ప్రెస్‌లో వంచి, జిడ్డు వదిలేలా కడిగి, ఆమ్లంలో ముంచుతారు. తర్వాత గాజుపొడి కలిపిన ద్రావణం పూసి, దాదాపు 800 డిగ్రీల కొలిమిలో కాలుస్తారు. గాజు కరిగి రేకుకు అతుక్కుంటుంది. ఎక్కడైనా వేలిముద్రంత జిడ్డు మిగిలినా పూత పెచ్చులూడుతుంది. పీసుకింతని కూలీ ఉన్న చోట, అలాంటి రేకు తిరిగొస్తే ఎవరి జేబుకు చిల్లో వేరే చెప్పాలా!

(తెరపై: మెషిన్లు బిగించే అసెంబ్లీ లైన్ దగ్గర పనిచేస్తున్న ఆడవాళ్లు)

ఇంటిపని తగ్గిస్తుందని ఆడవాళ్లకు అమ్మిన వస్తువు ఇది. కానీ ఇలాంటి ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ల కూలీ రేటు వేరు, మగవాళ్లది వేరు. దాచిపెట్టేదేం లేదు, ఒప్పందాల్లోనే రాసుండేది. సమాన వేతన చట్టం 1970లో వచ్చినా, అమల్లోకి వచ్చింది 1975 డిసెంబర్ 29న. కంపెనీలకు అయిదేళ్ల గడువిచ్చారు మరి!

(తెరపై: వాయిదాల అమ్మకం పోస్టర్)

లైన్ దగ్గర అసలు టెన్షన్ లండన్‌లోని ప్రభుత్వం నుంచి వచ్చేది. మెషిన్లు చాలామంది వాయిదాల మీదే కొనేవారు. ధరలు పెరుగుతున్నాయనిపిస్తే ప్రభుత్వం డౌన్ పేమెంట్ పెంచేది, వాయిదాల గడువు తగ్గించేది. 1952లో ఆంక్షలు పెట్టారు, 1954లో ఎత్తేశారు, 1955లో మళ్లీ పెట్టారు, 1958లో మళ్లీ ఎత్తేశారు, 1960లో మళ్లీ మొదలు. దీనికితోడు కొనుగోలు పన్ను. షాపులో గిరాకీ పడిపోతే గోడౌన్ నిండుతుంది, ఓవర్‌టైమ్ పోతుంది, వారంలో పనిరోజులు తగ్గుతాయి. పనివాడి తప్పేం లేదు, బడ్జెట్ దెబ్బ అంతే.

అయినా ఫ్యాక్టరీ పెరిగింది. 1970ల్లో దాదాపు 5,000 మంది పనిచేశారు. ఇక్కడే 1985లో సింక్లెయిర్ సీ5 అనే మూడు చక్రాల ఎలక్ట్రిక్ బండిని కూడా బిగించారు. దాంట్లో ఉన్నది వాషింగ్ మెషిన్ మోటారేనని జనం నవ్వుకున్నారు. అది పుకారు, మోటారు వేరేదే. కానీ బండి మాత్రం అమ్ముడుపోలేదు, అదే ఏడాది తయారీ ఆపేశారు. వాషింగ్ మెషిన్ల లైన్ 2009 మార్చి దాకా నడిచింది.