పాత రాతి ఇంటి చెమ్మ గోడలకు సున్నం పూత: ఇటలీలోని సుల్మోనా నుంచి రివ్యూ

నమస్కారం. ఇటలీలో అబ్రుత్సో ప్రాంతంలోని సుల్మోనా అనే చిన్న పట్టణం నుంచి మాట్లాడుతున్నాను. ఇక్కడ పాత పేటలో మేము కొనుక్కున్న రాతి ఇంట్లో, కింది అంతస్తు గోడలకున్న సిమెంటు పూతను కొట్టించి, సహజ హైడ్రాలిక్ సున్నంతో, అంటే నీటితో కలిసి గట్టిపడే సున్నంతో, కొత్త పూత వేయించాము. ఈ వీడియోలో ఆ సున్నాన్నే సమీక్షిస్తున్నాను. ఏ కంపెనీ సంచి కొనాలో చెప్పడం నా ఉద్దేశం కాదు. సంచి మీద ఏమి చదవాలో, గోడ మీద అది ఎలా పనిచేస్తుందో, దేనికి పనికిరాదో చెబుతాను.

ముందుగా గోడ సంగతి. 1706 నవంబరులో వచ్చిన భూకంపంలో ఈ ఊరు చాలావరకు కూలిపోయింది. ఆ తరువాత కట్టిన ఇళ్లకు రాయి, సున్నం వాడారు గాని, నేలలోని చెమ్మ పైకి ఎక్కకుండా పునాది మీద అడ్డుపొర వేసే పద్ధతి అప్పటికి లేదు. నీరు రాళ్ల మధ్యనున్న సున్నం గుండా పైకి పాకుతుంది. పైపూత కూడా సున్నమే అయినప్పుడు ఆ నీరు ఆవిరై గదిలోకి వచ్చి, కిటికీ గుండా బయటికి పోతుంది. సిమెంటు పూసి, దానిమీద కడగదగిన ప్లాస్టిక్ రంగు వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. నీరు మరింత ఎత్తుకు ఎక్కుతుంది, దానిలోని లవణాలు పూత వెనుక గడ్డకట్టి పెచ్చులను బయటికి తోస్తాయి. చెమ్మ కనబడగానే ఇంకా గట్టి సిమెంటు పూయించడం ఇక్కడ నేను తరచుగా చూస్తున్న పని, అది గోడకు నిజంగా హాని చేస్తుంది. మన ఊళ్లలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపిన డంగు సున్నంతో కట్టిన పాత మేడలకు సిమెంటు పూయించినవారికి కూడా ఈ మాట వర్తిస్తుంది.

సంచి కొనేటప్పుడు దుకాణంలో రెండు రకాలు పక్కపక్కనే ఉంటాయి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 459 ప్రకారం ఎన్‌హెచ్‌ఎల్ అన్న గుర్తు ఉంటేనే అది సహజ హైడ్రాలిక్ సున్నం. హెచ్‌ఎల్ అని మాత్రమే ఉన్న సంచిలో సిమెంటు కూడా ఉండవచ్చు, దాని ధర తక్కువ కావడంతో చాలామంది అదే తెచ్చుకుంటారు. ఎన్‌హెచ్‌ఎల్ పక్కన 2, 3.5, 5 అనే అంకెలు కనబడతాయి. 28 రోజులకు ఆ పూత కనీసం ఎంత నొక్కుడును తట్టుకోవాలో అవి తెలుపుతాయి. లోపలి గోడలకు మేము 3.5 ఎంచుకున్నాము. 5 ఎక్కువ బలమైనదే, కాని మెత్తని పాత గోడకు దానికంటే గట్టి పూత వేయడం మంచిది కాదు.

పని జరిగే తీరు ఓపికను కోరుతుంది. పాత పూతను చెమ్మ గుర్తుకంటే బాగా పైవరకు రాయి కనబడేదాకా తీసివేసి, గోడను కొంతకాలం ఆరనివ్వాలి. పూత వేసే ముందు మళ్లీ రాయిని తడపాలి, లేకపోతే రాయి సున్నంలోని నీటిని లాగేసుకుని పూతను పొడిగా మార్చేస్తుంది. తాపీ మేస్త్రి ముందు పలుచగా చల్లిన పొర వేసి, దానిమీద మందమైన పొర, చివరికి సన్నని ఇసుకతో నున్నని పొర వేశారు. ఉష్ణోగ్రత 5 డిగ్రీలకంటే తగ్గితే ఈ పని చేయకూడదు కనుక, కొండల నడుమ ఉన్న ఇలాంటి ఊళ్లలో చలికాలానికి మేస్త్రిని పిలవకండి. తడి సున్నం చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది, రక్షణ కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ దగ్గరకు రానివ్వవద్దు.

ఫలితం విషయంలో నాకు నిజమైన సంతృప్తి ఉంది. గదిలోని ముక్కవాసన పోయింది, గోడ తాకితే పొడిగా ఉంటోంది. మొదటి చలికాలంలో తెల్లని ఉప్పు పొడి తేలింది. దానిని పొడి బ్రష్షుతో దులపాలి, తడిగుడ్డతో తుడిస్తే ఉప్పు కరిగి తిరిగి గోడలోకే పోతుంది. లోపాలు కూడా ఉన్నాయి: మూలలు కుర్చీ తగిలినా రాలుతాయి, పని నెమ్మదిగా సాగడం వల్ల కూలి ఖర్చు పెరుగుతుంది. పైగా ఈ పూత నీటి మూలాన్ని ఆపదు. వాన గొట్టం కారుతున్నా, బయటి నేల మట్టం లోపలి గచ్చుకంటే ఎత్తుగా ఉన్నా, ముందు వాటిని సరిచేయించాలి.

వంటింటి గురించి మన వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. అన్నం, పప్పు, పులుసు రోజూ ఉడికే ఇంట్లో ఆవిరి చాలా వస్తుంది, చలికి కిటికీలన్నీ బిగించుకుంటే ఏ పూతయినా బూజు పడుతుంది. పొయ్యి వెనుక మాత్రం సున్నం వదిలి పలకలే అతికించండి. పసుపు, సున్నం కలిస్తే పారాణి అవుతుందని మనకు తెలుసు, కొత్త సున్నం గోడ మీద పసుపు చింది పడినా అదే ఎర్రని మరక మిగులుతుంది. రంగుకు కూడా సున్నపు రంగే వాడాము. సియెనా మట్టి వంటి ఖనిజ రంగులు సున్నపు క్షారాన్ని తట్టుకుంటాయి.

చివరిగా డబ్బు, అనుమతులు. ఇంటి లోపలి గోడలకు పూత వేయించడం ఇక్కడి చట్టం ప్రకారం సాధారణ నిర్వహణ, దీనికి పురపాలక కార్యాలయంలో దరఖాస్తు అవసరం లేదు. అయితే విడి ఇంటి లోపలి సాధారణ నిర్వహణకు ఆదాయపన్నులో మరమ్మతుల రాయితీ దొరకదు. సామాను మీరే కొంటే దాని ధర మీద 22 శాతం వ్యాట్ (విలువ ఆధారిత పన్ను) కట్టాలి. మేస్త్రి పని, సామాను కలిపి ఒకే బిల్లు ఇస్తే సాధారణంగా 10 శాతమే పడుతుంది కనుక, సంచి మీద ఏ గుర్తు ఉండాలో ఒప్పందంలోనే రాయించి, కొనే బాధ్యత మేస్త్రికే అప్పగించండి. వీధి వైపు గోడ రంగు మార్చాలనుకుంటే మాత్రం, పాత పేటల్లో దానికి వేరే నియమాలు ఉంటాయి కాబట్టి, డబ్బా కొనకముందే పురపాలక సాంకేతిక విభాగంలో అడిగి తెలుసుకోండి.