రంజీ ట్రోఫీ తొలి సీజనూ, గోదావరి డెల్టా

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పనులు మానుకొని వచ్చిన కోనసీమ క్రీడాభిమానులకు నమస్కారం.

ఈ గ్రంథాలయం వారు క్రికెట్ గురించి మాట్లాడమన్నప్పుడు నేను కోరి ఎంచుకున్న విషయం 1934-35 నాటి రంజీ ట్రోఫీ మొదటి సీజన్. ప్రపంచ కప్పుల గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. కానీ ఆటగాడు తన ప్రాంతం పేరు మీద బరిలోకి దిగడం, ఆ ప్రాంతపు జనం ఆ జట్టును తమదనుకోవడం అనే అలవాటు దేశమంతటా వేళ్లూనడానికి పునాది పడింది ఆ సీజన్‌లోనే. ఆ అలవాటులో మన డెల్టాకు చోటు దొరకడానికి ఎంతకాలం పట్టిందో చెప్పాలన్నది నా కోరిక.

అంతకుముందు మన దేశంలో జనం విరగబడి చూసిన పోటీ బొంబాయిది. 1912 నుంచి హిందువులు, ముస్లింలు, పార్సీలు, యూరోపియన్లు నాలుగు జట్లుగా విడిపోయి అక్కడ ఆడేవారు. ఆట గొప్పగానే ఉండేది, కాదనను. అయితే మనిషిని అతని మతాన్ని బట్టి జట్టులో చేర్చే పద్ధతి అది, పైగా బొంబాయికి దూరంగా పుట్టినవాడి ప్రతిభ సెలెక్టర్ల కంటపడే మార్గం అందులో దాదాపు లేదు. శాసనోల్లంఘన ఉద్యమం సాగిన 1930-33 మధ్య ఆ పోటీ జరగలేదు. సరిగ్గా ఆ విరామంలోనే, 1932 జూన్‌లో, సి.కె.నాయుడు నాయకత్వాన భారత జట్టు లార్డ్స్‌లో తన మొదటి టెస్టు ఆడింది. దేశానికి టెస్టు జట్టంటూ ఒకటి ఏర్పడ్డాక, ఆ జట్టుకు ఆటగాళ్లను అందించే దేశవ్యాప్త పోటీ లేకపోవడం పెద్ద లోటుగా కనిపించింది.

1934 వేసవిలో సిమ్లాలో జరిగిన క్రికెట్ బోర్డు సమావేశంలో కార్యదర్శి ఆంథొనీ డిమెల్లో ఈ పోటీని ప్రతిపాదించగా, అంతకు ముందు సంవత్సరం ఏప్రిల్‌లో కన్నుమూసిన రంజిత్‌సింహ్‌జీ పేరిట కప్పు ఇస్తానని పటియాలా మహారాజు భూపిందర్ సింగ్ ముందుకు వచ్చారు. వైస్రాయి విల్లింగ్డన్ పేరుతో వేరొక కప్పు పెట్టించాలని విజయనగరం మహారాజకుమార్ పట్టుబట్టారు. తెలుగు గడ్డ పేరు ఆ వ్యవహారంలో వినబడింది ఒక్క ఆయన బిరుదులోనే, ఆయన ఆడింది మాత్రం సంయుక్త రాష్ట్రాల జట్టుకు. చివరికి నిలిచింది రంజీ పేరే. ఇంగ్లండ్ తరఫున 15 టెస్టులు ఆడిన ఆ మహా బ్యాట్స్‌మన్ పేరు మన దేశవాళీ పోటీకి పెట్టడం సబబేనా అన్న చర్చ ఇప్పటికీ వినిపిస్తుంది కానీ, వైస్రాయి పేరుకన్నా అది వెయ్యి రెట్లు మేలని నా అభిప్రాయం.

1934 నవంబర్ 4న మద్రాసు చేపాక్ మైదానంలో మద్రాసు, మైసూరు జట్లు తలపడ్డాయి. రంజీ ట్రోఫీలో మొదటి బంతి వేసినవాడు ఎం.జె.గోపాలన్, దానిని ఎదుర్కొన్నవాడు మైసూరు ఓపెనర్ కర్టిస్. గోపాలన్ హాకీలోనూ దేశానికి ఆడిన మేటి. ఆ రోజు స్కోరుకార్డు నేను చాలాసార్లు ముందు పెట్టుకొని చూశాను. మైసూరు 48 పరుగులకే కుప్పకూలింది. మద్రాసు 130 చేసింది. మళ్లీ దిగిన మైసూరు 59 దాటలేకపోయింది. ఇన్నింగ్స్ 23 పరుగుల తేడాతో మద్రాసు గెలిచింది, అదీ మొదటి రోజు ఆట ముగిసేలోపే. ఎడమచేతి స్పిన్నర్ ఏ.జి.రామ్ సింగ్ తొలి ఇన్నింగ్స్‌లో 19 పరుగులకు 6, రెండో ఇన్నింగ్స్‌లో 16 పరుగులకు 5, మొత్తం 35 పరుగులకు 11 వికెట్లు తీశాడు. కుడిచేతి బ్యాట్స్‌మన్ ముందు పడి బయటికి తిరిగే బంతిని వదిలేయాలో, ముందుకొచ్చి ఆడాలో తేల్చుకునే తీరిక కూడా లేకుండా ఒకరి వెంట ఒకరు వెనుదిరిగారన్నది ఆ అంకెలే చెబుతాయి. అమృత్‌సర్ నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడ్డ కుటుంబం ఆయనది. అంతటి బౌలర్‌కు అధికారిక టెస్టు ఆడే అవకాశమే రాలేదు, ఆ లోటును తరవాత ఆయన కుమారులు కృపాల్ సింగ్, మిల్ఖా సింగ్ (పరుగుల వీరుడు మిల్ఖా సింగ్ వేరు) తీర్చారు.

పోటీలో మొదటి సెంచరీ హైదరాబాదు జట్టుకు ఆడిన ఎస్.ఎం.హాదీది, మద్రాసు మీద 132 నాటౌట్. ఆయన డేవిస్ కప్ టెన్నిస్ కూడా ఆడినవాడు. మొదటి డబుల్ సెంచరీ ఉత్తర భారత జట్టులోని ఐసీఎస్ అధికారి జార్జ్ ఏబెల్‌ది, ఆర్మీ మీద 210. తరవాతి కాలంలో మౌంట్‌బాటన్ ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేసిన ఏబెల్ ఆయనే. 15 జట్ల ఆ పోటీ ఫైనల్ 1935 మార్చిలో బొంబాయిలో జరిగింది. ఎల్.పి.జై నాయకత్వంలోని బొంబాయి 266, 300 పరుగులు చేయగా, ఉత్తర భారత జట్టు 219, 139 పరుగులకు ఆలౌటై 208 పరుగుల తేడాతో ఓడింది.

ఇక మన సంగతి. కాగితం మీద చూస్తే ఆ మద్రాసు జట్టు గంజాం నుంచి మలబారు దాకా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీకంతా ప్రతినిధి, కాబట్టి అమలాపురానికీ, రాజోలుకూ, నరసాపురానికీ కూడా అదే జట్టు. వాస్తవంలో అది చేపాక్ చుట్టుపక్కల క్లబ్బుల జట్టు. అందులో ఇంగ్లీషువారూ ఉన్నారు. సార్వా కోతలయ్యాక పొడి చేలలో ఆడుకున్న గోదావరి లంకల కుర్రాడు ఎంత బాగా ఆడినా మద్రాసు మెయిలు ఎక్కి, అక్కడ ఏదో ఒక క్లబ్బులో చేరి, ఊరుగాని ఊరిలో ఉంటే తప్ప ఆ జట్టు గుమ్మం తొక్కే వీలు లేదు. ఇది ఎవరో కావాలని చేసిన అన్యాయమని నేను అనడం లేదు. మైదానం, పిచ్, సెలెక్టర్, పత్రిక నాలుగూ ఒక్క నగరంలోనే ఉన్నప్పుడు డెల్టా కనబడదు. పిచ్ మీద పరిచే కొబ్బరి పీచు చాప, అంటే మ్యాటింగ్ మీద ఆట అంటారా, ఆ పీచు మన కోనసీమలోనే పుష్కలంగా దొరికేది, కానీ దాన్ని కొలతకు నేయించి, మైదానంలో బిగించి, ఏటేటా మార్చే సంఘం ఉండాలి కదా.

ఆ సంఘం 1953లో వచ్చింది. అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, 1953-54 సీజన్‌లోనే ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టింది. తొలి సీజన్ జరిగిన 19 ఏళ్లకు. దానికి కెప్టెన్‌గా వచ్చింది సి.కె.నాయుడు. నాగపూర్‌లో పుట్టినా మచిలీపట్నం మూలాలున్న ఆ మహానుభావుడు 1934-35లో సెంట్రల్ ఇండియాకు ఆడి, 58వ ఏట తెలుగువారి జట్టును నడిపించడానికి వచ్చారు. ఆ వయసులో ఆయనకు కొత్తగా గడించవలసిన పేరేమీ లేదు. అయినా వచ్చారు. అందుకే ఆయనను తలచినప్పుడల్లా నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. కాకినాడలో పుట్టిన హనుమ విహారి 2018లో టెస్టు ఆడి, ఆంధ్రకు నాయకత్వం వహించాడంటే, 1953లో వేసిన ఆ బాట మన దాకా వచ్చిందనే అర్థం.

చేపాక్‌లో ఆ ఒక్క రోజు ఆటకు స్కోరుకార్డు ఉంది కాబట్టే 90 ఏళ్ల తరవాత కూడా పరుగు పరుగునా చెప్పుకోగలుగుతున్నాం. కాకినాడ, రాజమండ్రి, భీమవరం కాలేజీల జట్లు ఆ దశాబ్దాల్లో ఆడిన ఆటల స్కోరు పుస్తకాలు, జట్ల ఫొటోలు మీ ఇళ్లలో అటకల మీద ఉంటే, చెదలు పట్టకముందే ఈ గ్రంథాలయానికి తెచ్చి ఇవ్వండి. అసలు ప్రతి ఇవ్వలేనివారు నకలు తీయించుకొనే వీలు కల్పిస్తే చాలు. ఆ పనికి నేనూ ఒక చేయి వేస్తాను.