ముఖాలు అరిగిపోయిన ఏడుగురు అమ్మలు

నమస్తే అండి. మన గోదావరి జిల్లాల్లో మ్యూజియంకి గానీ పాత శివాలయానికి గానీ వెళ్తే, ఒక్కోసారి పొడవాటి రాతి పలక కనిపిస్తుంది. దాని మీద వరసగా కూర్చున్న ఆడవాళ్లు. కళ్లు, ముక్కు అరిగిపోయి అందరూ ఒకేలా ఉంటారు. జనం రెండు సెకన్లు చూసి ముందుకెళ్లిపోతారు. అలా వెళ్లిపోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. వాళ్లు సప్తమాతృకలండీ, అంటే ఏడుగురు అమ్మ దేవతలు!

ముఖాలు వదిలేసి కింద పీఠం వైపు చూడండి. అక్కడ చాలాసార్లు వాహనాలు చెక్కి ఉంటాయి. హంస ఉంటే బ్రాహ్మి, నంది ఉంటే మాహేశ్వరి, నెమలి ఉంటే కౌమారి, గరుత్మంతుడు వైష్ణవికి, ఏనుగు ఇంద్రాణికి. వారాహికి వాహనం వెతకక్కర్లేదు. వరాహ ముఖం కదా, ఎంత అరిగినా ఆ మూతి తెలిసిపోతుంది. ఎక్కువ పలకల్లో ఒక చివర వీరభద్రుడు, ఇంకో చివర వినాయకుడు కూడా ఉంటారు.

7వ శతాబ్దం నుంచి మన ప్రాంతాన్ని ఏలిన తూర్పు చాళుక్యులు, బిక్కవోలు గుళ్లు కట్టించినవాళ్లే, తమ రాగి శాసనాల్లో 'మాతృగణ పరిపాలితానాం' అని రాయించుకున్నారు. మమ్మల్ని కాపాడేది ఈ అమ్మలే అని. రాజు గెలిచిన యుద్ధాల సంగతి ఆ తర్వాతే వస్తుంది. మన ఊళ్లలో గ్రామదేవతల్ని ఏడుగురు అక్కచెల్లెళ్లు అంటాం కదా, ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఈ పలకే గుర్తొస్తుంది.

ఇంకో సంగతి. కోనసీమలో ఎక్కడ గునపం దింపినా ఒండ్రు మట్టి, ఇసక. డెల్టా మట్టిలో రాయి పుట్టదు. ఇక్కడి గుళ్లలో రాయి ఎంత ఉందో అంతా బయటి నుంచి మోసుకొచ్చిందే. అంత కష్టపడి తెచ్చిన రాయి మీద శిల్పి ఏడో అమ్మ చాముండని ఎలా చెక్కాడో చూడండి. మిగతా ఆరుగురూ నిండుగా ఉంటే, ఈమెకి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, కడుపు వీపుకి అంటుకుపోయి ఉంటుంది. అందంగా చెక్కడం చాలామందికి వచ్చు. ఆకలిని రాతిలో చూపించడం నా దృష్టిలో అంతకంటే గొప్ప పనితనం.

ఈసారి వెళ్లినప్పుడు ఎదురుగా కాకుండా, పక్క నుంచి వెలుతురు పడే వేళ చూసుకుని నిలబడండి. ఆ నీడల్లో వాహనాలు ఒక్కొక్కటే పైకి తేలతాయి. వినాయకుడి పక్కన, చివరి నుంచి రెండో బొమ్మ దగ్గర కాసేపు ఆగండి. చాలా పలకల్లో చాముండ ఉండేది అక్కడే.