చేతి నుంచి జారే గీత
(పర్లాకిమిడిలో తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక డ్రాయింగ్ టీచర్ చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అమ్మలకు, ముందు వరసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

జాక్సన్ పొలాక్ అని, నేల మీద పరిచిన గుడ్డ మీద రంగు చల్లి బొమ్మలు వేసిన అమెరికా చిత్రకారుడు ఒకడున్నాడు. ఆయన బొమ్మ ఫొటో ఎవరికి చూపించినా, "దీన్లో ఏముందండీ, మా పిల్లాడు కూడా వేస్తాడు" అంటారు. అమెరికాలో ఆ రోజుల్లో అదే అన్నారు, ఇవాళ మన ఊళ్లోనూ అదే అంటున్నారు. రంగు చల్లడం పిల్లాడికి వచ్చు, కాదనను. జారే రంగును తను అనుకున్న దారిలో నడిపించడం మాత్రం ఏళ్ల తరబడి చేస్తే తప్ప రాదు. అలా ఏళ్ల తరబడి చేసిన చేతులు ఈ హాల్లోనే చాలా ఉన్నాయి. తెల్లారగట్ల వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టే చేతులవి. ఆ చేతుల్లో ఉన్నదాన్ని మనం విద్యగా లెక్కవెయ్యడం లేదు, పిల్లలకు అందించడమూ లేదు. పొలాక్ పేరు చెప్పుకుని ఆ సంగతే మాట్లాడాలని వచ్చాను.

ముందు ఆయన గురించి నాలుగు మాటలు. పొలాక్ 1912లో వయోమింగ్ రాష్ట్రంలోని కోడీ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. న్యూయార్క్ వచ్చి థామస్ హార్ట్ బెంటన్ దగ్గర చిత్రకళ నేర్చుకున్నాడు. 1936లో మెక్సికో చిత్రకారుడు సికీరోస్ న్యూయార్క్‌లో ఒక ప్రయోగశాల పెడితే అందులో చేరాడు. పరిశ్రమల్లో వాడే పెయింట్లను పొయ్యడం, చల్లడం, కారనివ్వడం అక్కడ చూశాడు. 1941లో న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో అమెరికా ఆదివాసుల కళా ప్రదర్శన జరిగింది. నవాహో జాతి వాళ్లు రంగురంగుల ఇసుకను వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తూ నేల మీద బొమ్మ వెయ్యడం ప్రత్యక్షంగా చూపించారు. వాళ్లకది రోగం నయం చెయ్యడానికి చేసే పూజలో భాగం. పూజ అయ్యాక బొమ్మను చెరిపేస్తారు. ముగ్గు తెలిసిన మనకు ఇందులో వింతేమీ లేదు కదా!

1945లో పొలాక్ చిత్రకారిణి లీ క్రాస్నర్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరూ లాంగ్ ఐలాండ్‌లో స్ప్రింగ్స్ అనే పల్లెకు మారారు. ఇంటి ఆవరణలో ఉన్న పాత కొట్టాంలో నేల మీద గుడ్డ పరిచి పని మొదలుపెట్టాడు. 1947 నుంచి 1950 దాకా, ఆ మూడు నాలుగేళ్లలో వచ్చినవే ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే బొమ్మలు. నేల మీద పని చేస్తుంటే తనకు హాయిగా ఉంటుందని, నాలుగు వైపులా తిరుగుతూ బొమ్మలోనే ఉన్నట్టు ఉంటుందని, ఇది ఇసుకతో బొమ్మలు వేసేవాళ్ల పద్ధతికి దగ్గరదని ఆయనే రాశాడు. 1956లో కారు ప్రమాదంలో పోయాడు. అప్పటికి 44 ఏళ్లు.

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. నాకు ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఎక్కువసేపు చెబుతాను. ఆయన వాడినవి ఎక్కువగా ఇళ్లకు వేసే ఎనామిల్ పెయింట్లు, అల్యూమినియం పెయింటు. డబ్బాలో పుల్ల ముంచుతాడు, లేదా వెంట్రుకలు గట్టిపడిన పాత బ్రష్షు ముంచుతాడు. అది గుడ్డకు తగలదు. గాల్లో ఉండగానే రంగు ధారగా దిగుతుంది. చెయ్యి వేగంగా కదిలితే గీత సన్నబడుతుంది, నెమ్మదిస్తే లావవుతుంది, ఆగితే మడుగు కడుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంది, ఎంత ఎత్తు నుంచి పడుతోంది, చెయ్యి ఎంత జోరుగా పోతోంది, ఈ మూడూ కుదరాలి. ఎత్తు ఎక్కువై చెయ్యి నెమ్మదిగా కదిలితే ధార తిన్నగా పడదు, బాణలిలో జిలేబీ చుట్టలా మెలికలు తిరుగుతుంది. బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పొలాక్ పని చేస్తుండగా తీసిన పాత ఫిల్మును పట్టుకుని ఆయన చేతి వేగం, ఎత్తు లెక్కకట్టారు. ధార మెలికలు తిరిగే పరిస్థితి రాకుండా ఆయన చెయ్యి కదిలేదని 2019లో తేల్చారు. ఆ లెక్కలు ఆయనకు తెలియవు. చేతికి తెలుసు.

1950లో వేసిన 'ఆటమ్ రిథమ్' దాదాపు 17 అడుగుల పొడవు, 9 అడుగులకు కొంచెం తక్కువ ఎత్తు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అంత గుడ్డ మీద పని చెయ్యాలంటే మణికట్టు చాలదు, భుజం కావాలి, నడుం వంగాలి, అడుగు పడాలి. ఒక్క మూలా ఖాళీగా వదిలేసినట్టు ఉండదు, ఒక్క మూలా కిక్కిరిసి ఉండదు. రంగు ప్రవాహం తన అదుపులోనే ఉంటుందని, తన పనిలో యాదృచ్ఛికం అనేది లేదని ఆయన అదే ఏడాది ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. నా మటుకు నేను ఆ మాటను కొంచెం సడలించి అర్థం చేసుకుంటాను. ఎక్కడో ఒక చుక్క అనుకోకుండా పడే ఉంటుంది. దాన్ని చూసి తర్వాతి గీత ఎలా వెయ్యాలో తేల్చుకున్నాడే, అదుపు అంటే అది.

ఇక మన వాకిట్లోకి రండి. బకెట్లో పేడ కలిపిన నీళ్లు. మరీ చిక్కగా ఉంటే ముద్దలు పడతాయి, మరీ పల్చగా ఉంటే దుమ్ము అణగదు. అరచెయ్యి దోసిలిగా చేసి నీళ్లు తీసుకుంటారు. చెయ్యి వెనక్కి పోయి ముందుకు వస్తుంది, చివర్లో మణికట్టు చిన్న విసురు విసురుతుంది, వేళ్లు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. నీళ్లు విసనకర్ర ఆకారంలో పరుచుకుంటాయి. తడిసిన చోటు మీద అడుగు పడకుండా వెనక్కి నడుస్తూ రెండో విసురు. మొదటి దాని అంచు మీద రెండోది సరిగ్గా ఆనుతుంది. చివరికి వాకిలంతా ఒకే తడి, ఎక్కడా మడుగు లేదు, ఎక్కడా పొడి మచ్చ లేదు. కొత్తగా పెళ్లైన పిల్ల మొదటిసారి చల్లితే సగం నీళ్లు చీర మీదే పడతాయి. అమ్మమ్మ చల్లితే గుమ్మం దాకా వచ్చి ఆగుతాయి. ఆ తేడాయే సాధన.

తర్వాత ముగ్గు. బొటనవేలు, చూపుడువేలు మధ్య పిండి. వేళ్లు నేలకు తగలవు. చుక్క చుట్టూ గీత తిరిగేటప్పుడు ఎక్కడా తెగదు, మెలిక దగ్గర చెయ్యి ఒక్క క్షణం తడబడినా పిండి కుప్పపడుతుంది. లోతట్టు వీధుల్లో ఇంకా తడిపిండి పెట్టేవాళ్లున్నారు. గుడ్డపీలికను పిండిలో ముంచి గుప్పిట్లో పట్టుకుని నొక్కుతుంటే, ఉంగరం వేలి మీదుగా పిండి ధారగా కారుతుంది. పొలాక్ పుల్ల చేసే పనిని ఇక్కడ వేలు చేస్తోంది.

పక్కింటి ఒడియా వాళ్ల గోడ చూడండి. మార్గశిర మాసంలో లక్ష్మివారం వస్తే మనమూ పూజ చేస్తాం, వాళ్లూ మాణబసా అనే లక్ష్మీపూజ చేస్తారు. నేల మీద బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు వేస్తారు. గోడ మీద పిండితో వేసే బొమ్మల్ని చితా అంటారు, అందులో ఇంకో పద్ధతి ఉంది. వరిగడ్డితో చిన్న కుంచెలాంటిది కట్టి, పిండిలో ముంచి గోడ మీదికి చిలకరిస్తారు. ఎర్రమట్టి గోడ మీద తెల్లటి చుక్కలు వరికంకుల గుత్తుల్లా విచ్చుకుంటాయి. ఏ మ్యూజియమూ చూడని ఆడవాళ్లు రంగును విసిరి, ఆ విసురులోంచే ఆకారం రప్పిస్తున్నారు. సరిహద్దు ఊళ్లలో తెలుగిళ్ల ఆడపిల్లలు కూడా ఇది నేర్చుకున్నారు. బరంపురంలో, గుణుపురంలో, మన ఊళ్లో ఎవరి గుమ్మం ముందు ఏది చూసినా, ఇది వాళ్లది, ఇది మనది అని విడదీయడం కష్టం.

కొండల మీద ఉండే సవర గిరిజనులు గోడ మీద వేసే ఇడితాల్ బొమ్మల సంగతి వేరు. ఎర్రమట్టి అలికిన గోడ మీద వెదురుపుల్లతో, బియ్యప్పిండితో వేసే ఆ బొమ్మలు దేవతలను, పెద్దల ఆత్మలను ఇంట్లోకి పిలవడానికి. దాన్ని అలంకారం అనుకుని, స్కూల్ ప్రాజెక్టులో పొలాక్ పక్కన అంటించెయ్యకండి. చూడాలనుంటే గౌరవంగా, అడిగి చూడండి.

పొలాక్‌లా రంగు కార్చి వేసే బొమ్మల చరిత్రలో ఒక గృహిణి ఉందని చాలామందికి తెలియదు. ఆమె పేరు జానెట్ సోబెల్. ఉక్రెయిన్‌లో పుట్టి అమెరికా వలస వచ్చింది. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో కాపురం, అయిదుగురు పిల్లలు. నలభై దాటాక, ఎవరి దగ్గరా నేర్చుకోకుండా బొమ్మలు మొదలుపెట్టింది. నేల మీద గుడ్డ పరిచి రంగు కార్చింది, గుడ్డను వంచి రంగును పరిగెత్తించింది, గాజు గొట్టంతో చుక్కలు వేసింది. 1945లో వేసిన 'మిల్కీ వే' ఇప్పుడు మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. పొలాక్ ఆమె బొమ్మలు చూశాడని, అవి అతని మీద ముద్ర వేశాయని విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ తర్వాత ఒప్పుకున్నాడు. కానీ 1949 ఆగస్టులో 'లైఫ్' పత్రిక, అమెరికాలో బతికున్న చిత్రకారుల్లో అందరికన్నా గొప్పవాడు ఇతనేనా అని పొలాక్ గురించి రాసినప్పుడు సోబెల్‌ను తలుచుకున్నవాళ్లు లేరు. ఇంట్లో ఆడవాళ్లు చేసే పని కళ్లముందే ఉన్నా కనపడకపోవడం మన దగ్గరే కాదు, అక్కడా ఉంది. ఈ విషయం చెప్పినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

నిత్యజీవితంలో ఉన్నదాన్ని తక్కువగా చూడొద్దని ఈ ఊళ్లోనే ఒక మనిషి జీవితమంతా పోరాడాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడ బడిపంతులుగా పని చేశారు. సవరలతో కలిసి మెలిసి వాళ్ల భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం రాశారు. జనం మాట్లాడే తెలుగునే పుస్తకాల్లో రాయాలన్నారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు మనస్తాపంతో రాజమండ్రి వెళ్లిపోయారు. ఇంటి గోడకు వేసే పెయింటును బొమ్మలోకి తెచ్చినవాళ్ల గురించి చదివితే నాకు పంతులుగారే గుర్తొస్తారు. వీధిలో ఉన్నదాన్ని గౌరవంగా లోపలికి తెచ్చారు, ఆయనైనా వాళ్లైనా.

మరి ఈ బొమ్మల ప్రభావం మామూలు జనం మీదికి ఎలా వచ్చింది? చాలా త్వరగా వచ్చింది. 1951 మార్చిలోనే 'వోగ్' పత్రికలో పొలాక్ బొమ్మల ముందు మోడల్స్‌ను నిలబెట్టి కొత్త బట్టల ఫొటోలు వేశారు. తర్వాత చొక్కాలు, కర్టెన్లు, మొబైల్ కవర్లు వచ్చాయి. ఇప్పుడు కప్పులో రంగులు కలిపి కాన్వాసు మీద బోర్లించే పోరింగ్ వీడియోలు. చూడ్డానికి బావుంటాయి, పిల్లలు చేస్తే సంతోషమే. కానీ వాటిల్లో పైకి కనిపించే మెరుపే ఎక్కువగా మిగిలింది, చేతి పని తగ్గిపోయింది. కప్పు బోర్లించాక రంగు దానంతట అదే పోతుంది, చేతికి నేర్చుకునేదేమీ మిగలదు.

కెమెరా సంగతి కూడా చెప్పాలి. 1950లో హాన్స్ నామత్ అనే ఫొటోగ్రాఫర్ పొలాక్ పని చేస్తుంటే ఫిల్ము తీశాడు. చివర్లో గాజు పలక మీద రంగు చల్లిస్తూ కింద నుంచి తీశాడు. షూటింగ్ ముగిసిన రోజే, రెండేళ్లుగా మానేసిన తాగుడు పొలాక్ మళ్లీ మొదలుపెట్టాడు. ఆ తర్వాత అలాంటి రంగుల బొమ్మలు వెయ్యడం బాగా తగ్గింది. కారణాలు చాలా ఉండొచ్చు. అయినా పిల్లలు బొమ్మ మొదలుపెట్టకముందే ఫోను స్టాండు సర్దుతుంటే నాకు టెన్షన్‌గా ఉంటుంది. కాసేపు ఎవరూ చూడకుండా వెయ్యనివ్వండి.

బడిలో మేం చేసేది కూడా సరిగ్గా లేదు. డ్రాయింగ్ అంటే పుస్తకంలో ఉన్న మామిడిపండు అవుట్‌లైన్ చూసి గియ్యాలి, గీత దాటకుండా రంగు నింపాలి, మార్కులు వేయించుకోవాలి. చిన్న కాగితం, కదలని మోచెయ్యి. ఇంటి దగ్గర వాకిలి పోయి సిమెంటు వచ్చింది, అపార్టుమెంటులో గుమ్మం ముందు రెండడుగుల చోటు, దాని మీద ముగ్గు స్టిక్కరు. డ్యూటీకి పరిగెత్తే అమ్మను తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ ఆ పిల్ల చెయ్యి భుజం దగ్గర్నుంచి కదిలే సందర్భం అటు బడిలోనూ లేదు, ఇటు ఇంట్లోనూ లేదు.

అందుకని చిన్న ఏర్పాటు ఒకటి చేసుకుందామంటాను. ఆదివారం డాబా మీద పాత దుప్పటి పరవండి, లేదా వాడేసిన ఫ్లెక్సీ తిరగేసి పరవండి. ఎనామిల్ పెయింటు, టర్పెంటైన్ పిల్లలకు ఇవ్వొద్దు, ఆ వాసన మంచిది కాదు. బియ్యప్పిండి జారుగా కలపండి. ఎర్రమట్టి, పసుపు, మెత్తగా నూరిన బొగ్గు వేరువేరుగా నీళ్లలో కలిపి, చిక్కదనానికి కాస్త గంజి పొయ్యండి. ముందు రంగుతో పనిలేకుండా ఒట్టి నీళ్లతో చెయ్యి ఆడించమనండి. సన్నగీత ఎలా వస్తుంది, లావుగీత ఎలా వస్తుంది, చుక్క ఎక్కడ పడుతుంది అని పిల్లలే కనిపెడతారు. ఒక్క రంగుతో దుప్పటి నాలుగు మూలలూ తిరిగొచ్చాక, ఆగి, చూసి, అప్పుడు రెండో రంగు. ఈ ఆగి చూడడమే కష్టం. "ఏం బొమ్మ వేశావ్?" అని మాత్రం అడక్కండి. "ఇక్కడ ఎందుకు ఆపావ్?" అని అడగండి. పిల్లలు చెప్పే జవాబులు వింటే ఆశ్చర్యపోతారు. అమ్మమ్మ ఉంటే ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి చూపించడం కాదు, ఆమె చేతే మొదటి విసురు వేయించండి.

ఇవాళ ఆ పని ఇక్కడే మొదలవుతుంది. వరండాలో పన్నెండు అడుగుల గుడ్డ పరిచి ఉంచాం, పిండి, ఎర్రమట్టి కలిపి బకెట్లలో పెట్టాం. చెప్పులు బయట విప్పండి, పట్టుచీరలు కట్టుకున్నవాళ్లు కొంగు బిగించుకోండి. గుడ్డకు ఒక వైపున పెద్దవాళ్లు, మూడు వైపులా పిల్లలు. కళ్ళాపి బాగా చల్లగలనని అనుకునే అమ్మలు ముందుకు రండి, పిల్లలు మిమ్మల్ని చూసి చేస్తారు. పదండి, పిండి అడుక్కి దిగిపోకముందే మొదలుపెడదాం.