కాలేజీలో కెరీర్ సలహాదారు కావాలంటే: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. ప్లేస్‌మెంట్ ఆఫీసర్, కెరీర్ కౌన్సెలర్, ఉద్యోగ శిక్షణ ఇచ్చే జవహర్ నాలెడ్జ్ సెంటర్ (జేకేసీ) కోఆర్డినేటర్... కాలేజీలో ఆ కుర్చీకి పేరేదైనా, అందులోకి వచ్చేవాళ్ళు ఏ దారిన వస్తారు, రావాలనుకునేవాళ్ళు ఏం నేర్చుకోవాలి అనేది ఈ పూట విషయం. స్టూడియోలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ప్లేస్‌మెంట్ అధికారి, డిగ్రీ విద్యార్థులతో పనిచేసే కౌన్సెలర్ ఉన్నారు. సర్, ముందుగా ఒక్క మాట. దీనికంటూ ఒక డిగ్రీ ఉందా?

అధికారి: వకీలుకు ఎల్ఎల్‌బీ ఉన్నట్టు దీనికి లేదండీ. ఎక్కువగా మూడు వైపుల నుంచి వస్తారు. పాఠాలు చెబుతూ అదనపు బాధ్యతగా తీసుకున్న లెక్చరర్లు, కంపెనీల్లో హెచ్‌ఆర్ చేసినవాళ్ళు, సైకాలజీ చదివినవాళ్ళు. లెక్చరర్‌కు పిల్లలు తెలుసు గానీ కంపెనీలు తెలియవు. హెచ్‌ఆర్‌లో చేసినవాళ్ళకు అది తిరగబడుతుంది. ఏ వైపు నుంచి వచ్చినా ఒకటి తక్కువ పడుతుంది. ఆ తక్కువేదో ముందే తెలుసుకుని నేర్చుకున్నవాళ్ళు నిలబడతారు.

వ్యాఖ్యాత: మొదటి కాల్ నంద్యాల నుంచి. చెప్పండి సర్.

కాలర్ (నంద్యాల): నమస్తే సార్. ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాండాను. ఈ ఏడాది ప్లేస్‌మెంట్ సెల్ నన్ను చూసుకోమన్నారు. వాట్సాప్ గ్రూపు పెట్టి ఉద్యోగాల లింకులు పంపిస్తాండాను. అంతకుమించి ఏం చేయాల్నో తెలీట్లేదు.

అధికారి: ముందు ఆ లింకులు పంపడం ఆపండి సర్. మీ చేతి నుంచి వెళ్ళిందంటే పిల్లలు కాలేజీయే హామీ ఇచ్చిందనుకుంటారు. రేపు ఆ ప్రకటన ఇచ్చినవాళ్ళు రిజిస్ట్రేషన్ ఫీజు రెండు వేలు కట్టమంటే పిల్లలు కట్టేస్తారు. ఏ ప్రకటన వచ్చినా మూడు చూడండి. కంపెనీ పేరు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో ఉందా? కంపెనీగా రిజిస్టరైతే సీఐఎన్ అని 21 అక్షరాలు, అంకెల గుర్తింపు ఉంటుంది. రెండోది, మెయిల్ ఆ కంపెనీ సొంత చిరునామా నుంచి వచ్చిందా, మామూలు జీమెయిల్ నుంచా? మూడోది, డబ్బు అడుగుతున్నారా? డబ్బు అడిగితే మిగతా రెండూ చూడక్కర్లేదు, పక్కన పడేయండి.

కౌన్సెలర్: సర్, మీకు అన్నిటికంటే విలువైన సమాచారం మీ కాలేజీ అడ్మిషన్ రిజిస్టర్‌లోనే ఉంది. గత రెండు బ్యాచ్‌ల ఫోన్ నంబర్లు తీయండి. వారానికి పదిమందితో మాట్లాడండి. నాలుగే ప్రశ్నలు. ఇప్పుడేం చేస్తున్నావు? ఆ పని సంగతి నీకు మొదట ఎవరు చెప్పారు? పొద్దున ఆఫీసుకు వెళ్ళాక మొదటి గంటలో ఏం చేస్తావు? డిగ్రీలో ఉన్నప్పుడు ఏది నేర్చుకుని ఉంటే బాగుండేది? అప్పుడే నోట్‌బుక్‌లో రాసుకోండి. మూడు నెలలకు నూట ఇరవై మంది వివరాలు వస్తాయి. నంద్యాలలో బీకాం చదివిన పిల్ల టాలీ నేర్చుకుని ఆడిటర్ దగ్గర చేరిందా, బ్యాంకు కోచింగ్‌కు పోయిందా, ఇంట్లో ఉండిపోయిందా... ఈ లెక్క మీ కాలేజీ తప్ప ఇంకెవరూ ఇవ్వలేరు. చాలామంది ఫోన్ ఎత్తరు. ఎత్తనివాళ్ళకు సాయంత్రం ఆరు తర్వాత మళ్ళీ చేయండి, పగలు డ్యూటీలో ఉంటారు.

కాలర్ (నంద్యాల): కోర్సు ఏమైనా చేయమంటారా మేడమ్?

కౌన్సెలర్: ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళ గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా ఉంది. ఏడాది కోర్సు. ఆరు నెలలు ఇంటి దగ్గరే చదువుకోవాలి, మూడు నెలలు సెంటర్‌లో ప్రత్యక్ష తరగతులు, చివరి మూడు నెలలు ఇంటర్న్‌షిప్. మనకు దగ్గరి కేంద్రం మైసూరు రీజినల్ ఇన్‌స్టిట్యూట్. అది బడి పిల్లల్ని దృష్టిలో పెట్టుకున్న కోర్సే గానీ, ఎదుటి మనిషి చెప్పేది వినే పద్ధతి అక్కడ బాగా నేర్పుతారు. చిక్కల్లా ఆ మూడు నెలల సెలవు దగ్గర వస్తుంది. దరఖాస్తు పెట్టేముందే మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి కాగితం మీద తీసుకోండి.

అధికారి: ఇంకొకటి సర్. వారానికి కనీసం నాలుగు పీరియడ్లు తగ్గించమని అడగండి. పదహారు పీరియడ్లు చెబుతూ ప్లేస్‌మెంట్ చూడమంటే మిగిలేది రిపోర్టులు రాయడమే. చేరిన ప్రతి విద్యార్థి ఆఫర్ లెటరూ అదే వారం స్కాన్ చేసి పెట్టుకోండి. కాలేజీల నాణ్యత చూసే న్యాక్ వాళ్ళు వివరాలు అడిగినప్పుడు ఊరికే పేర్ల జాబితా ఇస్తే ఒప్పుకోరు, రుజువు అడుగుతారు. రెండేళ్ళ తర్వాత ఆ పిల్లలకు ఫోన్ చేసి లెటర్ పంపమ్మా అంటే దొరకదు.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ బెంగళూరు నుంచి. చెప్పండమ్మా.

కాలర్ (బెంగళూరు): నమస్కారమండీ. ఐటీ కంపెనీలో రిక్రూటర్‌గా ఎనిమిదేళ్ళు చేశాను. అమ్మానాన్న విజయవాడలో ఉన్నారు, అక్కడే ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌గా చేరదామనుకుంటున్నాను. ఏం చూసుకుని చేరాలి?

అధికారి: జీతం తగ్గుతుందమ్మా, దానికి సిద్ధపడే అడుగుతున్నారనుకుంటాను. ఇంటర్వ్యూలో మీరు కూడా వాళ్ళను అడగాల్సినవి ఉన్నాయి. మొదటిది, మీరు ఎవరికి జవాబుదారీ? ప్రిన్సిపాల్‌కా, అడ్మిషన్ల విభాగానికా? అడ్మిషన్ల విభాగానికైతే మీ పని పోస్టర్లకు అంకెలు సరఫరా చేయడంగా మారిపోతుంది. రెండోది, ప్లేస్‌మెంట్ శాతం ఎలా లెక్క కడతారు? ఉదాహరణకు ఫైనలియర్‌లో 240 మంది ఉన్నారనుకోండి. బ్యాక్‌లాగులు లేకుండా అర్హత ఉన్నవాళ్ళు 120. ఉద్యోగం వచ్చినవాళ్ళు 90. అర్హుల మీద లెక్కేస్తే 75 శాతం. మొత్తం మీద లెక్కేస్తే 37.5. ఒకే పిల్లాడికి మూడు ఆఫర్లు వస్తే ముగ్గురిగా లెక్కపెట్టే చోట్లు కూడా ఉన్నాయి. చేరే రోజే తలల లెక్కా, ఆఫర్ల లెక్కా అని తేల్చుకోండి.

కాలర్ (బెంగళూరు): అందరూ హైయెస్ట్ ప్యాకేజీ గురించే చెబుతారు కదండీ.

అధికారి: ఆ అంకె ఒక్క విద్యార్థిది. కాలేజీలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగులో అడిగేది మధ్యస్థ జీతం. అంటే అందరి జీతాలూ వరుసగా పేరిస్తే సరిగ్గా నడిమధ్యన వచ్చేది. మీరు చేరగానే ఆ అంకె తీయండి. తల్లిదండ్రులకు చెప్పాల్సింది అదే.

కౌన్సెలర్: అమ్మా, రిక్రూటర్ పని వడపోత. వెయ్యి రెజ్యూమేల నుంచి ఇరవై తీయడం మీకు చేయి తిరిగిన పని. ఇక్కడ మీ ఎదురుగా కూర్చునేది ఆ మిగిలిన తొమ్మిది వందల ఎనభై మందిలో ఒకరు. మూడు కంపెనీల్లో ఆన్‌లైన్ టెస్టు దగ్గరే ఆగిపోయినవాడికి "కమ్యూనికేషన్ పెంచుకో" అంటే ఏమీ చెప్పనట్టే. ఏ సెక్షన్‌లో ఆగాడో అడగండి. టైము సరిపోలేదా, ప్రశ్నే అర్థం కాలేదా? టైము సరిపోకపోతే రోజూ ఇరవై ప్రశ్నలు గడియారం పెట్టుకుని చేయించాలి. ఇంగ్లిష్ పేరా చదవడమే కష్టమైతే అది ఆరు నెలల పని, డ్రైవ్‌కు వారం ముందు జరగదు. అందుకని థర్డ్ ఇయర్‌లోనే అందరికీ ఒక నమూనా టెస్టు పెట్టి, మార్కులు కాదు, ఎక్కడ ఆగారో రాసి ఉంచుకోండి. ఏడో సెమిస్టర్ మొదలయ్యాక అంతా పరుగే.

వ్యాఖ్యాత: సిద్దిపేట నుంచి కాల్. హలో?

కాలర్ (సిద్దిపేట): నమస్తే మేడమ్. ఎమ్మే సైకాలజీ చేస్తున్న. కెరీర్ కౌన్సెలర్ కావాలని ఉంది. ఇంట్రెస్ట్ టెస్టులు నేర్చుకున్న. మొన్న ఒక డిగ్రీ కాలేజీల అరవై మందికి పెడితే సగం మందికి అన్నీ ఒకే తీరు వచ్చినయ్. ఏం చెప్పాల్నో తెల్వలే.

కౌన్సెలర్: మంచి ప్రశ్న తమ్ముడూ. ఏ టెస్టు పెట్టావు, ఇష్టాలను ఆరు రకాలుగా విడదీసే హాలండ్ టెస్టేనా?

కాలర్ (సిద్దిపేట): అవును మేడమ్, అదే. ఇంగ్లిష్‌ల ఉండె.

కౌన్సెలర్: అందుకే. "ప్రయోగశాలలో నమూనాలు పరీక్షించడం నీకు ఇష్టమా" అని అడిగితే, ఆ పని ఎన్నడూ చూడని పిల్ల మధ్య గడిలో టిక్కు పెడుతుంది. అరవై ప్రశ్నలకూ అదే చేస్తే ఆరు రకాలకూ ఒకే స్కోరు వస్తుంది. అంటే ఆ పిల్లకు ఇష్టాలు లేవని కాదు, ఆ పనులు కళ్ళతో చూడలేదని. అలాంటప్పుడు ఆ స్కోరు మీద సలహా చెప్పకు. ముప్పై కార్డులు చెయ్యి. పోస్టుకార్డు సైజు అట్ట ముక్క మీద ఒక్కో పని పేరు తెలుగులో, కింద రెండు లైన్లలో ఆ పనిలో ఏం చేస్తారో రాయి. "ల్యాబ్ టెక్నీషియన్: రక్తం తీస్తారు, మెషిన్‌లో పెడతారు, రిపోర్టు రాస్తారు." వాటిని మూడు కుప్పలు పెట్టమను: ఇష్టం, అయిష్టం, తెలియదు. తర్వాత అయిష్టం కుప్పతో మొదలుపెట్టు. ఎందుకొద్దో మనుషులు తేలిగ్గా చెబుతారు. "రక్తం చూడలేను", "రాత్రి డ్యూటీ ఇంట్లో ఒప్పుకోరు". ఈ రెండూ ఒకటి కాదు. మొదటిది ఆ పిల్ల స్వభావం, రెండోది ఇంటి షరతు. దేనికది విడిగా మాట్లాడాలి. ఒకరికి నలభై నిమిషాలు పడుతుంది, పడనీ.

అధికారి: పనుల పేర్ల కోసం నేషనల్ క్లాసిఫికేషన్ ఆఫ్ ఆక్యుపేషన్స్ 2015 చూడు బాబూ. ఒక్కో పనికి ఎనిమిది అంకెల కోడ్, ఏం చేస్తారో వివరణ ఉంటాయి. కాకపోతే పుస్తకంలో చదివితే సరిపోదు. నెలకు రెండు చోట్లకు వెళ్ళి రెండు గంటలు కూర్చో: ఒక ఫార్మా గోడౌన్, ఒక ఆడిటర్ ఆఫీసు. నీకు తక్కువ పడేది అదే. మీ దగ్గర ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఉద్యోగ నైపుణ్యాలు నేర్పే టీఎస్‌కేసీ కేంద్రం ఉంటే వారానికి ఒక పూట సాయం చేస్తానని అడిగి చూడు.

కౌన్సెలర్: ఒక హద్దు కూడా గుర్తుంచుకో తమ్ముడూ. ఉద్యోగం గురించని వచ్చిన పిల్లాడు నిద్ర పట్టట్లేదు, బతకాలని లేదు అంటే కార్డులు పక్కన పెట్టేయాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నీ ఫోన్ నుంచే కలిపి, వాడు మాట్లాడేదాకా పక్కనే ఉండు.

వ్యాఖ్యాత: టైము దగ్గరపడింది. చివరి కాల్ విజయనగరం నుంచి.

కాలర్ (విజయనగరం): నమస్కారం మాస్టారూ. నేను బీఎస్సీ రెండో ఏడు. మా కాలేజీలో గైడెన్స్ చూసే మాస్టారు అసలీ పనిలోకి ఎలా వచ్చారో అడగాలనుంది. అడిగితే తప్పుగా అనుకుంటారాండీ?

అధికారి: ఏమీ అనుకోరమ్మా, తప్పకుండా అడుగు. ఈ వృత్తి పుట్టుకే అలాంటిది. 1908లో బోస్టన్‌లో మొదటి వొకేషన్ బ్యూరో పెట్టిన ఫ్రాంక్ పార్సన్స్ చదివింది సివిల్ ఇంజినీరింగ్. రైల్వేలో పనిచేశాడు, బడిలో చెప్పాడు, వకీలు అయ్యాడు, లా కాలేజీలో బోధించాడు, మేయర్‌గా పోటీ చేసి ఓడిపోయాడు. ఆ తర్వాతే ఈ పని.

కౌన్సెలర్: అయితే "మీరేం చదివారు సార్" అని అడిగితే ఒక డిగ్రీ పేరు వస్తుంది, నీకు ఉపయోగపడదు. "ఈ ఉద్యోగం సంగతి మీకు మొదట ఎవరు చెప్పారు? అప్పుడు మీరేం చేస్తున్నారు? దేన్ని వదులుకుని వచ్చారు?" అని అడుగు. అనుకోకుండా వచ్చిన అవకాశాన్ని పట్టుకోవడమూ నేర్చుకోదగ్గ నైపుణ్యమేనని అమెరికా సైకాలజిస్టు క్రంబోల్ట్జ్, ఆయన సహచరులు 1999లో రాశారు. ఆ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో అది కనిపిస్తుంది. కానీ మీ మాస్టారు నడిచిన దారిని నీ దారిగా రాసుకోకు. ఆయన చేరినప్పటి నోటిఫికేషన్లు, ఫీజులు, పోటీ ఇప్పుడు లేవు. ఇంటర్వెల్‌లో కాకుండా పావుగంట టైము అడిగి వెళ్ళు, ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళు.

కాలర్ (విజయనగరం): రేపే అడుగుతాను మేడమ్.

వ్యాఖ్యాత: మంచిదమ్మా. లైన్లో ఇంకా ముగ్గురున్నారు, వచ్చే వారం వాళ్ళతోనే మొదలుపెడదాం. నమస్కారం.