గోదావరి డెల్టాలో వాన నీరు ఎందుకు దిగడం లేదు? ఎవరెవరు కలిస్తే దిగుతుంది?

[దృశ్యం: చాకలిపాలెం. నీటిలో మునిగిన కాజ్‌వే, పక్కన పడవ ఎక్కుతున్న జనం]

నమస్తే అండీ. ఇది కోనసీమ జిల్లా చాకలిపాలెం. గోదావరి పాయకి అవతల ఉన్నది కనకాయలంక. ఆ ఊరు మాత్రం పశ్చిమ గోదావరి జిల్లాది. వరదకి ఈ కాజ్‌వే మునిగిందంటే బడి పిల్లలైనా, జ్వరం వచ్చిన పెద్దవాళ్లయినా పడవ మీదే ఇటు రావాలి. ఊరు ఒక జిల్లాది, దారి ఇంకో జిల్లాది. పడవ ఎవరు పెట్టాలి, లైఫ్ జాకెట్లు ఎవరివ్వాలి అన్నది రెండు జిల్లాల వాళ్లూ వరద రాకముందే అనుకుని ఉండాలి. ఈ వీడియో ఆ 'ముందే అనుకోవడం' గురించి.

[దృశ్యం: డెల్టా మ్యాప్. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా కాలువలు]

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. కలెక్టరాఫీసు దగ్గరైంది, మంచిదే. కానీ ధవళేశ్వరం బ్యారేజీ తూర్పు గోదావరిలో ఉంటే, దాని నీటితో పండే పొలాలు కాకినాడ, కోనసీమ, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల్లోనూ ఉన్నాయి. కొల్లేరు నీటిని సముద్రానికి మోసే ఉప్పుటేరు చివర చూడండి: ఒక గట్టు పశ్చిమ గోదావరి, రెండో గట్టు కృష్ణా.

[దృశ్యం: డ్రెయిన్ మొగ. పోటు సమయంలో లోపలికి తోసుకొస్తున్న నీరు]

ఇప్పుడు అసలు విషయం. మన పొలాల్లో మిగిలిన నీరు పంట బోదె నుంచి చిన్న డ్రెయిన్‌కి, అంటే మురుగు కాలువకి, అక్కడి నుంచి పెద్ద డ్రెయిన్‌కి, చివరికి సముద్రానికి పోవాలి. పోటు మీద ఉన్నంతసేపూ సముద్రం ఆ నీటిని తీసుకోదు. పాటు వచ్చి సముద్రం వెనక్కి తగ్గినప్పుడే దిగాలి. అంటే రోజులో దొరికేది కొన్ని గంటలే. సముద్ర మట్టం పెరిగే కొద్దీ ఆ గంటలు తగ్గుతాయి. పైన వాన తీరు కూడా మారుతోంది. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోస్తుంది కాబట్టి వారం పడాల్సిన వాన ఒక్కోసారి ఒక్క రోజులో పడిపోతుంది. దిగే టైమ్ తక్కువ, దిగాల్సిన నీరు ఎక్కువ. మధ్యలో డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క, పూడిక. ఇక పొలం చెరువైపోక ఏమవుతుంది చెప్పండి?

2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్ వరి) వేయకుండా పంట విరామం ప్రకటించింది గిట్టుబాటు ధర కోసం మాత్రమే కాదు. ముంపు కూడా ఒక కారణం.

[దృశ్యం: ఊడ్పులు]

రైతులు తమ వంతు సర్దుకుంటూనే ఉన్నారు. మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకానికి, ఒడిశా వరి రకం నుంచి తీసిన ముంపు తట్టుకునే జన్యువుని కలిపి స్వర్ణ సబ్-1 తయారుచేశారు. 2009లో విడుదలైంది. ఇంచుమించు రెండు వారాలు నీటిలో ఉన్నా మళ్లీ తేరుకుంటుంది. ఇంకో దారి, నవంబరు తుపాన్ల కంటే ముందే కోత కోసుకోవడం. 2022లో జూన్ 1నే డెల్టాకి నీళ్లు వదిలింది అందుకే. అయితే జూన్ 1న నీళ్లు రావాలంటే దాళ్వా (రబీ వరి) త్వరగా అవ్వాలి. ఏప్రిల్‌లో కాలువలు కట్టేయాలి, అంటే నీళ్లు ఆపేయాలి. ఆ నెలన్నరలోనే పూడిక తీయాలి. ఒక్క ఊరు ఆలస్యం చేసినా దిగువ ఊళ్ల క్యాలెండర్ అంతా జరిగిపోతుంది.

పైగా తుపాను నవంబరు దాకా ఆగుతుందన్న హామీ లేదు. 2025లో మొంథా అక్టోబరు 28 రాత్రే నరసాపురం దగ్గర తీరం దాటింది. అందుకే నా ఉద్దేశంలో విత్తనం కంటే, తేదీ కంటే ముందు డ్రెయిన్ సంగతి చూడాలి.

[దృశ్యం: పొక్లెయిన్‌తో పూడికతీత]

డ్రెయిన్‌ని మొగ దగ్గర, అంటే అది సముద్రంలో కలిసే చోట, మొదలుపెట్టి పైకి బాగుచేసుకుంటూ రావాలి. పై ఊరు మాత్రమే శుభ్రం చేసుకుంటే ఆ నీరంతా వేగంగా వచ్చి కింది ఊరి మీద పడుతుంది. అది పరిష్కారం కాదు, ముంపుని పక్కవాళ్లకి తోయడం. పెద్ద డ్రెయిన్లు జలవనరుల శాఖవి. కింది స్థాయి కాలువలకి 1997 చట్టం కింద రైతుల నీటి సంఘాలున్నాయి. ఊళ్లో చిన్న మురుగు పంచాయతీది. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా ప్రణాళిక ఉండాలి, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకి కలెక్టరు అధ్యక్షులు. ఇన్ని ఉన్నాయి. కానీ ఇవన్నీ జిల్లా లెక్కన, ఊరి లెక్కన ఉన్నాయి. డ్రెయిన్ లెక్కన ఒక కూర్చోవడం కావాలి. మొగ నుంచి తల దాకా ఉన్న సర్పంచులు, నీటి సంఘాల వాళ్లు, ఇంజినీర్లు, రెండు జిల్లాలుంటే రెండు కలెక్టరేట్ల మనుషులు ఏడాదికి ఒక్కసారి, కాలువలు కట్టేసే ముందు, ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. చేపల చెరువుల వాళ్లని కూడా పిలవాలి. వాళ్ల నీరు కూడా ఆ డ్రెయిన్‌లోకే వస్తుంది కదండీ.

[దృశ్యం: గ్రామసభ]

ఈసారి మీ గ్రామసభకి వెళ్లినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. మన డ్రెయిన్ ఏ ఊళ్లో సముద్రంలో కలుస్తుంది? ఆ ఊరి సర్పంచితో మన సర్పంచి చివరిసారి ఎప్పుడు మాట్లాడారు?