ఇంగ్లాండ్ పల్లె చర్చిల్లో రంగుటద్దాల కిటికీలు: ముందు కింద చూడండి

నమస్కారమండీ. ఇంగ్లాండ్‌లో పాత పల్లె చర్చిలోకి అడుగుపెట్టగానే కళ్లు పైనున్న రంగుల మీదికి పోతాయి. మీరు మాత్రం ముందు కిటికీ అడుగున చూడండి. చాలావాటిలో ఒక పేరు, పోయిన తేదీ, 'దేవుని మహిమార్థం, ప్రేమతో జ్ఞాపకార్థం' అన్న మాట ఉంటాయి. ఆ మనిషెవరో తెలిస్తే పైన ఆ బైబిల్ ఘట్టమే ఎందుకు పెట్టించారో అర్థమైపోతుంది.

పసిబిడ్డ పోతే యేసు చిన్నపిల్లల్ని దగ్గరికి తీసుకోవడమో, యాయీరు అనే ఆయన చనిపోయిన కూతురిని బతికించి లేపడమో. డాక్టరైతే, దారిలో గాయపడినవాడికి కట్టుకట్టిన మంచి సమరయుడు. నావికుడైతే యేసు మాటకు తుఫాను అణగడం. పేదలకు పెట్టిన చేయి ఉన్న ఇల్లాలికి దొర్కా. బైబిల్‌లోని అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో ఆమె చనిపోయాక, కుట్టిచ్చిన అంగీలు చూపిస్తూ విధవరాండ్రు యేసు శిష్యుడు పేతురు ముందు ఏడుస్తారు కదా. కిటికీలో మాత్రం ఎక్కువగా బతికున్న దొర్కానే బట్టలు పంచుతూ కనిపిస్తుంది. ఆ ఇంటివాళ్లు తమ ఇల్లాలిని అలా గుర్తుంచుకోవాలనుకున్నారు, అంతే.

ఇప్పుడు ముఖాలు చూడండి. 1860, 70ల నాటి కొన్ని కిటికీల్లో బట్టల రంగు నిగనిగలాడుతుంది, ముఖం మాత్రం తెల్లగా వెలిసిపోయి ఉంటుంది. బట్టల రంగు గాజు కరిగించేటప్పుడే కలిసింది. కళ్లు, ముక్కు గీతలు మాత్రం గాజు మీద వేసి కొలిమిలో కాల్చిన నల్ల రంగు. తక్కువ వేడికే అతుక్కోవాలని అందులో బోరాక్స్ అనే లవణం కలిపారు. బోరాక్స్ నీళ్లలో కరుగుతుంది. చలికాలం గాజు లోపలి వైపు పట్టే చెమ్మతో గీతలు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కొట్టుకుపోయాయి. అందుకే దయచేసి వేలు పెట్టొద్దు, తడిగుడ్డతో అసలు తుడవొద్దు. మిగిలిన కనుబొమ్మ కూడా గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది.

మూలల్లో చిన్న గోధుమ పన బొమ్మ కనిపిస్తే అది ఇలాంటి కిటికీలు చేసిన చార్ల్స్ కెంప్ స్టూడియో గుర్తు. ఆయన 1907లో పోయారు. పన మీద నల్లటి బురుజు కూడా ఉంటే ఆ తర్వాతి పని.

ఫోటోకి మబ్బు పట్టిన రోజే మంచిది. ఎండ నేరుగా పడితే దక్షిణం వైపు కిటికీలు ఫోటోలో రంగు పోయి తెల్లగా వస్తాయి, ఉత్తరం వైపువి ఎప్పుడైనా బాగానే వస్తాయి. ఫోన్‌లో గాజు మీద నొక్కి పట్టుకుని, ముఖం గీతలు తేలేదాకా వెలుతురు తగ్గించండి. చుట్టూ గోడ నల్లగా అయిపోతుంది, పోనివ్వండి. ఫ్లాష్ మాత్రం ఆపేయండి, వేస్తే గాజు ముక్కల్ని కలిపే సీసపు పట్టీలే మెరుస్తాయి.